సహజ రబ్బరా, సిలికోనా: ఏది ఎక్కువ కాలం మన్నుతుంది?

సహజ రబ్బరు అణుగొలుసు పొడవునా కార్బన్ ద్విబంధాలు, అంటే రెండు కార్బన్ పరమాణువులను కలిపే జంట బంధాలు, ఉంటాయి. గాలిలోని ఓజోన్ దెబ్బకొట్టేది వాటినే. లాగి బిగించి ఉంచిన రబ్బరు బ్యాండును దగ్గరగా చూడండి: లాగిన దిశకు అడ్డంగా సన్నని పగుళ్లు కనిపిస్తాయి. వేడి, ఆక్సిజన్ కలిసి గొలుసులను తెంపితే రబ్బరు జిగటగా మారుతుంది. గొలుసుల మధ్య కొత్త బంధాలు పెరిగితే గట్టిపడి పెళుసవుతుంది. నూనె తగిలితే ఉబ్బుతుంది కూడా.

సిలికోన్ గొలుసులో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి, ద్విబంధాలుండవు. అందుకే ఓజోన్‌కు లొంగదు, 200 డిగ్రీల సెల్సియస్ వేడినీ తట్టుకుంటుంది. కానీ చిన్న గాటు పడితే చాలు, సర్రున చిరిగిపోతుంది.

వేడి తగిలే మూత రింగుకు సిలికోనే తీసుకోండి. గట్టిగా లాగి కట్టడానికి రబ్బరే మేలు. వాడనప్పుడు వదులు చేసి, ఎండ తగలకుండా, నిప్పురవ్వలు వచ్చే మోటార్లకు దూరంగా ఉంచండి. ఆ రవ్వలు ఓజోన్‌ను పుట్టిస్తాయి.