బయటి గాలా, లోపలి గాలా? కొరాపుట్ ఘాట్ రోడ్డులో ఏది మేలు?

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే ముందు లోడు లారీ ఒకటి తగలకుండా ఉండదు. ఓవర్‌టేక్‌కి చోటుండదు, దాని పొగంతా మన ముక్కుల్లోకే. అప్పుడు కారు బొమ్మలో గుండ్రటి బాణం ఉన్న బటన్ నొక్కి లోపలి గాలి పెట్టాల్సిందే, అందులో రెండో మాట లేదు. పేచీ ఎక్కడంటే, మా సునాబెడ వైపు చాలామంది దాన్ని జయపురం చేరేదాకా తీయరు. నన్నడిగితే ఈ కొండదారిలో మామూలుగా ఉండాల్సింది బయటి గాలే. లోపలి గాలి అవసరానికి మాత్రమే.

బటన్ చేసే పని చిన్నదే. గాలి తోసే ఫ్యాన్ (బ్లోయర్) నోటి దగ్గర ఒక చిన్న తలుపు ఉంటుంది. అది ఒక పక్కకి వాలితే వైపర్ల కింది జాలీలోంచి బయటి గాలి వస్తుంది. ఇంకో పక్కకి వాలితే ఆ దారి మూసుకుపోయి, డ్యాష్‌బోర్డు కింది నుంచి కారులోని గాలినే మళ్లీ లాక్కుంటుంది. ఏసీ బటన్ వేరు, ఇది వేరు.

చల్లదనంలో మాత్రం లోపలి గాలిదే పైచేయి. మే నెలలో సాలూరు దిగాక 40 డిగ్రీల బయటి గాలిని చల్లబరచడం కన్నా, ఒకసారి చల్లబడ్డ గాలిని ఇంకాస్త చల్లబరచడం ఏసీకి తేలిక. ఎండలో నిలబెట్టిన బండి అయితే ముందు అద్దాలు దించి లోపలి సెగ పోనివ్వండి, ఆ తర్వాతే బటన్.

వానల్లో, పొట్టంగి పొగమంచులో లెక్క తిరగబడుతుంది. కారులో నలుగురు, కాళ్ల దగ్గర తడి గొడుగులు. ఊపిరి చెమ్మంతా లోపలే తిరిగి, సరిగ్గా మలుపు దగ్గర ముందద్దం తెల్లబడుతుంది. గుడ్డతో తుడిచినా మళ్లీ పడుతుంది. బయటి గాలి పెట్టి, ఏసీ వేసి, గాలిని అద్దం మీదికి తిప్పండి. చలేస్తే టెంపరేచర్ పెంచుకోండి గానీ ఏసీ ఆపొద్దు, చెమ్మను లాగేది అదే. ముందద్దం మీది చెమ్మ పోగొట్టే డీఫాగర్ బటన్ నొక్కగానే చాలా కార్లు వాటంతటవే బయటి గాలికి మారేది ఇందుకే.

"ఏసీ చల్లగా ఉంది కదా, నిద్దరొస్తోంది" అంటారు. చల్లదనం ఒక్కటే కాదండీ. బయట 420 పీపీఎం (పది లక్షల పాళ్లలో 420) దగ్గరుండే కార్బన్ డయాక్సైడ్, మూసిన కారులో వేలల్లోకి పోగలదు. వెనక కూర్చున్నవాళ్లు కునుకు తీస్తే తీయనీ, స్టీరింగ్ పట్టినవాడికి ఆవలింతలు వస్తేనే టెన్షన్.

కారులోకి వచ్చే గాలికి ఫిల్టర్ ఉందిగా అన్న ధీమా సగమే నిజం. అది దుమ్మును ఆపుతుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు. మన ఎర్రదుమ్ముకి తొందరగా మూసుకుపోతుంది కూడా. సర్వీసు దాకా ఆగకుండా మధ్యలో ఓసారి తీసి చూడండి. ఎక్కువ కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది.