రెండు నిమిషాల జోల కోసం బార్సిలోనా

బార్సిలోనా వెళ్లొచ్చామంటే అందరూ అడిగేది ఫుట్‌బాల్ గురించి, లేదంటే ఇంకా కడుతూనే ఉన్న సగ్రాడా ఫమీలియా చర్చి గురించి. మేము వెళ్లింది మాత్రం మా అమ్మాయి గిటార్ పిచ్చి వల్ల. ఆరు నెలలుగా ఇంట్లో ఒకటే పాట. నొటేషన్ రెండు పేజీలు, వాయిస్తే రెండు నిమిషాలు. పేరు 'ఎల్ నోయ్ దె లా మారె', అంటే అమ్మ కన్న బిడ్డ. బార్సిలోనా చుట్టూ ఉన్న కాటలోనియా ప్రాంతంలో క్రిస్మస్‌కి బాలయేసు మీద పాడుకునే జానపద జోల. మనవాళ్లు కృష్ణుణ్ణి ఉయ్యాల్లో వేసి పాడతారే, అదే వరస. ఈ బిడ్డకి ఏం పెడదాం, ఏం పెడితే ఇష్టంగా తింటాడు అని అడిగి, ఎండుద్రాక్ష, అంజీర, అక్రోట్లు, ఆలివ్‌లు, తేనె, 'మాతో' అనే తాజా చీజ్ అని ఒక్కొక్కటే చెబుతుంది పాట. అన్నీ ఇంట్లో డబ్బాల్లో దొరికేవే.

దీన్ని గిటార్ మీదకి తెచ్చినవాడు మిగెల్ ల్యోబెట్. 1878లో బార్సిలోనాలో పుట్టి, స్పెయిన్‌లో అంతర్యుద్ధం నడుస్తుండగా 1938లో అక్కడే పోయాడు. పేరున్న గిటార్ గురువు తర్రేగా శిష్యుడు. ఆ తర్వాత పెద్ద గిటార్ విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా చేతిలో పడి ఇది లోకమంతా తిరిగింది. మా అమ్మాయి నేర్చుకుంటున్నది సెగోవియా రికార్డింగ్ విని. ఎన్నిసార్లు విన్నా, "నాన్నా, నాకు ఆ ఊపు రావట్లేదు" అనేది. సరే, అది పుట్టిన ఊళ్లోనే వినిపిద్దామని డిసెంబరు రెండో వారానికి టికెట్లు తీశాం.

ముందు మేము చేసిన తప్పు చెబుతాను. మొదటి రాత్రికి ఒక పెద్ద హాల్లో గిటార్ కచేరీకి చవక టికెట్లు కొన్నాను, పైన చివరి వరసలో. పేరెందుకులెండి. అది హాలు తప్పు కాదు, నా పిసినారితనం. క్లాసికల్ గిటార్ గొంతు చిన్నది. అంత ఎత్తుకి స్వరాలు వచ్చాయి గానీ వేళ్ల తాకిడి రాలేదు. ఎవరో పక్క గదిలో వాయిస్తుంటే వింటున్నట్టుంది. చివర్లో ఈ జోల కూడా వాయించారు. పక్కసీటాయన కోటు తొడుక్కునే చప్పుడులో సగం పోయింది. అమ్మాయి మొహం చిన్నబోయింది.

మూడో రోజు సాయంత్రం గోథిక్ క్వార్టర్ సందుల్లో ఉన్న సాంతా మరియా దెల్ పి బసిలికాకి వెళ్లాం. పద్నాలుగో శతాబ్దపు చర్చి. ముందు గోడకి గులాబీ పువ్వు ఆకారంలో పెద్ద రంగుల అద్దాల కిటికీ. 1936లో చర్చికి నిప్పు పెట్టినప్పుడు పాతది పోతే మళ్లీ చేసి పెట్టారట. ఇక్కడ గిటార్ కచేరీలు తరచూ జరుగుతుంటాయి, వాయించేవాళ్లు మారుతుంటారు. కాబట్టి వాయించేవాళ్ల పేరు కన్నా చోటు గుర్తుపెట్టుకోండి. మేము అరగంట ముందే పోయి మూడో వరసలో కూర్చున్నాం. డిసెంబరులో ఏ రాతి చర్చికి వెళ్లినా శాలువా ఒకటి పట్టుకెళ్లండి. మా ఆవిడ తెచ్చిన ఒక్క శాలువాలో ముగ్గురం ముడుచుకున్నాం.

డెబ్భై దాటిన మాస్టరు. పొట్టి మనిషి, నల్ల స్వెటర్. గంటసేపు సోర్, తర్రేగా, అల్బెనిజ్ రచనలు వాయించారు. బాగా వాయించారు, కాదనను. కానీ మేము ఎదురుచూస్తున్నది చివరి చప్పట్ల కోసం. ఆయన లోపలికి వెళ్లి, మళ్లీ వచ్చి, కూర్చోగానే ఆరో తీగను కొంచెం వదులు చేశారు. అమ్మాయి నా మోచెయ్యి గిల్లింది. ఆ తీగ 'ఇ' నుంచి 'డి'కి దిగిందంటే వచ్చేది అదే!

ఆయన నిశ్శబ్దం కోసం ఆగలేదు. దగ్గులు ఇంకా సద్దుమణగక ముందే మొదలుపెట్టారు. జోల అంటే అంతేగా, ఇంట్లో సందడి ఆగాక పాడతామా? తాళం ఆరు లెక్కల్లో మూడు, మూడుగా ఊగుతుంది. మా అమ్మాయి వాయించేటప్పుడు ఆ రెండు మూడ్లూ తూకం వేసినట్టు సమానంగా ఉంటాయి. ఈయన మొదటి మూడులో ఉయ్యాలను తోస్తున్నారు, రెండో మూడులో అది దానంతటదే వెనక్కి వస్తోంది. తేడా వెంట్రుకవాసి. కానీ ఆరు నెలలుగా ఆ పిల్ల వెతుకుతున్నది ఆ వెంట్రుకవాసే.

ఇంకొకటి గమనించాను. పై స్వరం పాట పాడుతుంటే, మధ్య తీగల మీద ఇంకో గొంతు మెల్లగా కదులుతూ ఉంటుంది, అమ్మ పాడుతుంటే పక్కన అమ్మమ్మ కూనిరాగం తీసినట్టు. రికార్డింగ్‌లో నాకు అది ఎప్పుడూ వినపడలేదు. సెగోవియా వాయించినప్పుడు పై గొంతే రాజు. ఆయన ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేలు జార్చే తీరుకి మనం పడిపోతాం. ఈ మాస్టరు అలా పెద్దగా జార్చలేదు. రెండోసారి అదే చరణం వచ్చినప్పుడు కుడిచెయ్యి సౌండ్ హోల్ మీదకి జరిపి, ఇంకా మెత్తగా, దాదాపు తనకోసమే అన్నట్టు వాయించారు. చివరి స్వరాన్ని చేత్తో ఆపలేదు. రాతి గోడలు దాన్ని మింగేదాకా అలాగే కూర్చున్నారు. సెగోవియా గొప్పవాడే, కానీ ఈ ఒక్క పాట వరకు నా ఓటు మూడో వరసలోంచి విన్న దానికే.

ఇక బస. మొదటి రెండు రాత్రులు ఎప్పుడూ జనంతో కిటకిటలాడే లా రాంబ్లా వీధి పక్కన ఒక హోటల్లో దిగాం. తెల్లవారుజామున నాలుగు దాకా కింద అరుపులు, గదిలో హీటర్ పని చెయ్యలేదు. రిసెప్షన్‌లో చెప్తే ఇంకో దుప్పటి ఇచ్చారు. మూడో రోజుకే మకాం గ్రాసియా అనే పేటకి మార్చాం. అక్కడ చిన్న లాడ్జీల బోర్డు మీద 'పెన్షన్' అని ఉంటుంది. రిటైరైన నాకు సరిపోయిందని మా ఆవిడ జోకు. గది చిన్నది, లిఫ్టు ఇంకా చిన్నది, కానీ వీధి నిశ్శబ్దం, మెట్రో ఐదు నిమిషాలు. రాంబ్లా చూడటానికి వెళ్లండి, పడుకోవడానికి వద్దు.

ఓనరమ్మ మాది ఇండియాలో ఎక్కడ అని అడిగింది. హైదరాబాద్ అంటే తల ఊపి ఊరుకుంది. పుట్టింది అనంతపురం అనగానే కుర్చీలోంచి లేచింది. ఫాదర్ ఫెర్రర్ ఊరు! ఆయన 1920లో బార్సిలోనాలో పుట్టి, 1969లో అనంతపురం వచ్చి, 2009లో అక్కడే కన్నుమూశారు. మా జిల్లాలో ఆయన పెట్టిన సేవాసంస్థ ఆర్‌డీటీ తెలియని ఇల్లు ఉండదు. ఈవిడ మా వైపు ఒక పాపకి ఏళ్లుగా చదువుకి డబ్బు పంపుతోందట. ఊరి పేరు పలకలేక కాగితం తెచ్చి చూపించింది. మర్నాటి నుంచి టిఫిన్లో రొట్టెలు రెట్టింపయ్యాయి.

శాకాహారులకి కష్టమే కానీ పస్తులుండక్కర్లేదు. టమాటా రుద్దిన రొట్టె, కాల్చిన వంకాయ-క్యాప్సికంతో చేసే 'ఎస్కలివాదా' దాదాపు ప్రతిచోటా దొరుకుతాయి. రెండోది మన వంకాయ పచ్చడికి ఉప్పూకారం తగ్గించినట్టుంటుంది. భోజనం చివర మెనూలో 'పోస్త్రె దె మ్యూజిక్' అని ఉంటే అడగండి. సంగీతగాళ్ల మిఠాయి అని అర్థం. ఎండుద్రాక్ష, అంజీర, అక్రోట్లు, బాదం ఒక ప్లేటులో పెట్టి తెస్తారు. ఊరూరా తిరిగి పాడేవాళ్లకి పూర్వం ఇంట్లో ఉన్న గింజలూ పళ్లూ పెట్టేవారట. జోలలో బిడ్డకి పెట్టిందీ పాటగాడికి పెట్టిందీ దాదాపు ఒకటే!

మ్యూజియం విషయానికొస్తే, లాడితోరి భవనంలో ఉన్న మ్యూసెవు దె లా మ్యూజికాకి ఆదివారం మధ్యాహ్నం వెళ్లాం. గిటార్ల గది ఒక్కటి చాలు. అంతోనియో దె తోర్రెస్ 1859లో చేసిన, ల్యోబెట్ వాయించిన గిటార్ అక్కడే అద్దం వెనక ఉంది. ఇప్పటి గిటార్ల కన్నా చిన్నదిగా కనిపిస్తుంది. అమ్మాయి దాని ముందు ఇరవై నిమిషాలు నిలబడింది. నేను బెంచీ మీద కునుకు తీశాను. పలావు దె లా మ్యూజికాలో పగటిపూట గైడెడ్ టూర్ తీసుకున్నాం. 1908 నాటి హాలు, పైకప్పు నుంచి రంగుటద్దం గుమ్మటం తలకిందులుగా వేలాడుతుంది. డబ్బులకి తగ్గదే. అన్నట్టు మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ 1992 ఒలింపిక్స్ కళోత్సవంలో ఈ ఊళ్లోనే వాయించారు. గైడ్‌కి చెప్పాను. మర్యాదకి నవ్వాడు.

చివరి రోజు మోంట్సెరాట్ కొండ. ప్లాసా ఎస్పాన్యా నుంచి రైల్లో గంట, ఆపైన రోప్‌వే లేదా పళ్లచక్రాల రైలు. టికెట్ కొనేటప్పుడే ఏదో ఒకటి ఎంచుకోవాలి, దిగే స్టేషన్లు వేరు. రోప్‌వే సరదాగా ఉంది, మా ఆవిడ కళ్లు తెరవలేదు. మఠంలో నల్లటి మేరీమాత ఒళ్లో బిడ్డ. మధ్యాహ్నం ఒంటిగంటకి పిల్లల బృందగానం ఉంటుంది, ముందే బుక్ చేసుకోవాలి. గిటార్ స్వరకర్త ఫెర్నాందో సోర్ చిన్నప్పుడు చదివింది ఈ బడిలోనే. దారి పక్కన దుకాణాల్లో ఆడవాళ్లు తేనె, అంజీర, తెల్లటి మాతో అమ్ముతున్నారు. మాతో చూడ్డానికి మన జున్నులా ఉంటుంది గానీ తీపీ ఉప్పూ ఏమీ ఉండదు. తేనె పోసుకుని తింటే అప్పుడు రుచి తెలుస్తుంది. బెంచీ మీద ముగ్గురం డబ్బా ఖాళీ చేశాం.

మిగిలినవన్నీ మా అమ్మాయి ఒక సంచీలో కట్టుకుంది. తేనె సీసా మాత్రం నేను హ్యాండ్ బ్యాగులో పెట్టాను. తేనె కూడా ద్రవపదార్థమే అన్న సంగతి ఎయిర్‌పోర్టు చెకింగ్‌లో గుర్తొచ్చింది. ఎండుద్రాక్ష, అంజీర, అక్రోట్లు అనంతపురంలో మా అమ్మ దాకా చేరాయి. తేనె అక్కడే ఉండిపోయింది.