ఫెర్మి ఆర్క్‌లను పట్టాలంటే: ఆర్పెసా, ఎస్‌టీఎమ్మా, అయస్కాంత క్షేత్రమా?

టాంటలం ఆర్సెనైడ్ లాంటి సెమీమెటల్ స్ఫటికం చేతికొచ్చింది. దాని ఉపరితలం మీద కనిపించే ఎలక్ట్రాన్ స్థితులు నిజంగా టోపోలాజికల్‌వేనా, అంటే స్ఫటికం లోపలి నిర్మాణం వల్ల తప్పనిసరిగా పుట్టే ఫెర్మి ఆర్క్‌లేనా (మూసుకోకుండా రెండు కొసలతో ఆగిపోయే గీతల్లాంటి స్థితులు)? తేల్చడానికి మొదట దేన్ని నమ్మాలంటే నా ఓటు ఆర్పెస్‌కే (కాంతితో ఎలక్ట్రాన్లను బయటికి లాగి కొలిచే పద్ధతి). అలాగని ఒక్క బొమ్మ చూసి సంబరపడకూడదు.

సెమీమెటల్‌తో అసలు తలనొప్పి ఏమిటంటే, లోపల కూడా ఎలక్ట్రాన్లు తిరుగుతూనే ఉంటాయి. టోపోలాజికల్ ఇన్సులేటర్‌లో అయితే లోపల గ్యాప్ (ఎలక్ట్రాన్ స్థితులే లేని శక్తి ఖాళీ) ఉంటుంది కాబట్టి ఆ గ్యాప్‌లో కనిపించింది పైపొరదే అనుకోవచ్చు. ఇక్కడ ఏది పైది, ఏది లోపలిది అన్నదే మొదటి ప్రశ్న.

ఆర్పెస్‌లో స్ఫటికం మీద కాంతి వేసి, ఎగిరొచ్చిన ఎలక్ట్రాన్ల శక్తినీ కోణాన్నీ కొలుస్తారు. ఫోటాన్ శక్తి మార్చి చూస్తే గుట్టు బయటపడుతుంది. లోపలి బ్యాండ్లు (ఎలక్ట్రాన్లకు వీలైన శక్తి పట్టీలు) జరుగుతాయి, ఉపరితలానివి ఉన్నచోటే ఉంటాయి. పదుల ఎలక్ట్రాన్ వోల్టుల కాంతికి ఎక్కువగా పైపొర కనిపిస్తుంది, వందల్లోకి వెళ్తే లోపలి వైల్ బిందువులు (రెండు బ్యాండ్లు తాకే చోట్లు) తేలతాయి. 2015లో టాంటలం ఆర్సెనైడ్‌లో ఫెర్మి ఆర్క్‌లు దొరికింది ఈ పద్ధతిలోనే. ప్రిన్స్‌టన్‌లో జాహిద్ హసన్ బృందం, చైనాలో మరో బృందం దాదాపు ఒకేసారి చూపించాయి.

పని మాత్రం సున్నితం. స్ఫటికం నెత్తిన చిన్న పోస్ట్ అతికించి, వాక్యూమ్ లోపలే టక్కున కొట్టి విరగ్గొడతారు. అద్దంలా విరిగితే అదృష్టం, గరుకుగా విరిగితే ఆ ముక్కతో పని అయిపోయినట్టే.

బొమ్మ వచ్చాక లెక్కపెట్టాలి. వైల్ బిందువు నీడ (అది ఉపరితలం మీద పడే చోటు, ఆర్క్ కొస ఆగేది అక్కడే) చుట్టూ ఒక మూసిన గీత గీసి, దాన్ని దాటే ఉపరితల బ్యాండ్లను దిశతో సహా కూడాలి. మామూలు ఉపరితల స్థితులు వచ్చినవి వచ్చినట్టే తిరిగి వెళ్తాయి కాబట్టి కొట్టేసుకుపోతాయి, మిగిలేది ఆర్క్‌ల లెక్కే. టాంటలం ఆర్సెనైడ్‌లో ఉన్న 24 వైల్ బిందువుల్లో 16 బిందువులు (001) ముఖం మీద జంటలుగా ఒకదానిపై ఒకటి పడతాయి, అందుకే అక్కడ ఒక్కో నీడకు రెండేసి ఆర్క్‌లు. ఈ లెక్క తప్పించి ఆకారాన్ని నమ్మితే టంగ్‌స్టన్ డైటెల్యూరైడ్ దగ్గర బోల్తా పడతాం. అందులో వైల్ బిందువులు లేకపోయినా ఆర్క్‌లా కనిపించే ఉపరితల స్థితి ఉండగలదు.

ఎస్‌టీఎం (సన్నటి మొనతో ఉపరితలాన్ని తడిమే సూక్ష్మదర్శిని) దారి వేరు. లోపాన్ని ఢీకొన్న ఎలక్ట్రాన్లు లేపే అలలను ఫోరియర్ మార్పిడి చేసి చదువుతుంది. అందులో దొరికేది రెండు స్థితుల మధ్య తేడాయే తప్ప స్థితి ఎక్కడుందో కాదు, కాబట్టి సిద్ధాంతపు లెక్క పక్కన లేకుండా చదవడం కష్టం. కానీ ఖాళీ స్థితులూ చూస్తుంది, అయస్కాంత క్షేత్రంలోనూ పనిచేస్తుంది. మామూలు ఆర్పెస్‌కి ఈ రెండూ చేతకావు.

మూడోది క్వాంటం డోలనాలు, అంటే అయస్కాంత క్షేత్రం మార్చేకొద్దీ విద్యుత్ నిరోధం లాంటివి ఎగుడుదిగుడు కావడం. క్షేత్రం కోణం తిప్పినప్పుడు ఆ డోలనాల పౌనఃపున్యం 1/కొసైన్ చొప్పున పెరిగితే ఉపరితలమే అని తొందరపడతారు, స్తంభంలాంటి లోపలి ఫెర్మి తలం (ఎలక్ట్రాన్లు నిండిన స్థితుల సరిహద్దు) కూడా అదే చూపిస్తుంది. 2016లో కాడ్మియం ఆర్సెనైడ్ మీద చేసిన ప్రయోగం మాత్రం నాకు చాలా నచ్చింది. అయాన్ పుంజంతో కోసిన సన్నటి పలకలో పైముఖాన్నీ కిందిముఖాన్నీ కలిపే కక్ష్య తాలూకు డోలనం కనిపించింది, త్రికోణంగా కోసిన ముక్కలో ఆ డోలనం లేదు.

సింక్రోట్రాన్‌లో (ఆర్పెస్‌కి కావలసిన కాంతినిచ్చే పెద్ద యంత్రం) బీమ్‌టైమ్‌కి నెలలు పడుతుంది కదా. ఈలోగా ల్యాబ్‌లో డోలనాలు కొలిచి, లోపలి ఫెర్మి తలం ఎంతుందో రాసిపెట్టుకుంటే, ఆర్పెస్ బొమ్మలో ఏది తీసేయాలో ముందే తెలిసి ఉంటుంది.