సిరామిక్ బేకింగ్ డిష్: వేడి చేయడానికి భేష్, నిల్వకి వద్దు

నాది రాత్రి డ్యూటీల ఉద్యోగం. సెలవు రోజున వండి ఫ్రీజర్‌లో పెట్టుకుంటేనే మిగతా రోజుల్లో ఇంటి తిండి దొరుకుతుంది. అందుకే మూతతో వచ్చే ఈ సిరామిక్ డిష్ తీసుకున్నాను. చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి నమ్మకంగా చెబుతున్నాను: వండింది మళ్లీ వేడి చేయడానికి దీన్ని మించింది నా వంటింట్లో లేదు. ఫ్రీజర్‌లో నిల్వ ఉంచడానికి మాత్రం ఇది తగిన గిన్నె కాదు.

సిరామిక్ నిదానంగా వేడెక్కుతుంది, ఆ వేడిని ఓ పట్టాన వదలదు. పల్చటి రేకు ట్రేలో అంచులు మాడి నడుమ చల్లగా మిగిలే పాస్తా, ఇందులో అన్నివైపులా ఒకేలా కాగుతుంది. రెండోసారి వడ్డించుకునేటప్పటికి కూడా పొగలు వస్తూనే ఉంటాయి. 180 డిగ్రీల దగ్గర ఫాయిల్ కప్పి పెట్టి, చివరి పది నిమిషాలు తీసేస్తే పైపొర కరకరలాడుతుంది. నడుమ 74 డిగ్రీలకు చేరిందో లేదో థర్మామీటర్ గుచ్చి చూస్తాను. ఫ్రీజర్ తిండి విషయంలో పైన పొగ చూసి సరిపెట్టుకోకూడదు.

ఇక ఫ్రీజర్ సంగతి. అట్టపెట్టె మీద ఫ్రీజర్ సేఫ్, ఓవెన్ సేఫ్ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఒకదాంట్లోంచి తీసి నేరుగా రెండోదాంట్లో పెట్టకూడదన్న మాట మాత్రం లోపలి కాగితంలో చివర్న, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. నాకు ఒళ్లు మండింది. పెట్టె మీదే రాయాల్సిన మాట అది. మైనస్ 18 దగ్గర ఉన్న డిష్‌ని కాగిన ఓవెన్‌లో పెడితే దాని బయటి పొర గబగబా వ్యాకోచిస్తుంది, లోపలి భాగం ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ లాగుడుకి పగులుతుంది. వేడి డిష్‌ని తడి గట్టు మీద పెట్టినా ఇదే ప్రమాదం.

కొనేముందు డిష్‌ని తిరగేసి చూడండి. అంతా నున్నగా ఉన్నా, కింద ఆనే అంచు వేలికి గరుగ్గా తగులుతుంది. అక్కడ గ్లేజ్, అంటే గాజులాంటి నున్నటి పూత, ఉండదు. దాని మీద ఒక నీటిచుక్క వేయండి. చుక్క అలాగే నిలిస్తే మట్టి గట్టిగా కాలినట్టు. ఇంకిపోయి మచ్చ పడితే నీళ్లు పీల్చే రకం. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి అలాంటిదాన్ని ఫ్రీజర్ దరిదాపులకు తీసుకెళ్లొద్దు. నా డిష్‌కి మచ్చ పడలేదు. అయినా కంటికి కనపడని బీట ఏదైనా వచ్చిందేమోనని అప్పుడప్పుడు వేలి కణుపుతో తట్టి చూస్తాను. ఖంగుమనాలి.

మూత దండగ. ఊరికే ఆనుతుంది తప్ప బిగియదు. గాలి తగిలి పైపొర ఎండిపోయి, తెల్లబారి, రుచి పోతుంది.

అందుకే నేను డిష్‌ని ఫ్రీజర్‌లో అలా వదిలేయను. లోపల ఫాయిల్, దాని మీద బేకింగ్ పేపర్ పరిచి, కొసలు బయటికి వదులుతాను. పేపర్ ఎందుకంటే టమాటా పులుపు తగిలితే ఫాయిల్‌కి చిల్లులు పడతాయి. వండినదాన్ని ఇందులో సర్ది, రెండు గంటల లోపే ఫ్రిజ్‌లోకి మార్చి, బాగా చల్లబడ్డాక ఫ్రీజర్‌లో పెడతాను. పూర్తిగా గట్టిపడ్డాక కొసలు పట్టుకుని లేపితే దిమ్మ మొత్తం ఊడి వస్తుంది. గాలి చొరకుండా చుట్టి, తేదీ రాసి, దిమ్మను ఫ్రీజర్‌లో పడేస్తాను. డిష్ ఖాళీ అవుతుంది, ఇంకో వంటకి పనికొస్తుంది. తినడానికి ఒక రోజు ముందు చుట్టినవన్నీ ఒలిచి, దిమ్మను అదే డిష్‌లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే చాలు. అందులో గడ్డకట్టిందే కాబట్టి అతికినట్టు కూర్చుంటుంది. రెండు మూడు నెలల లోపు తినేస్తే రుచిలో పెద్ద తేడా రాదు.

తీసుకునేవాళ్లు లోతు తక్కువున్నదే చూసుకోండి. దిమ్మ మందమైతే ఫ్రిజ్‌లో రోజంతా ఉంచినా నడుమ కరగదు. ఇదే డిష్ మూత లేకుండా దొరికితే అదే కొనండి, మిగిలిన డబ్బు థర్మామీటర్‌కి పెట్టండి.