సాల్కాంటాయ్ దారిలో ఎక్కడ ఖర్చు పెట్టాలి

సాల్కాంటాయ్ కొండ పక్కగా మాచు పిచ్చుకు నడిచి వెళ్ళే దారి ఇది. కుస్కోలో దిగిన మర్నాడే ఈ కొండదారి పట్టించే యాత్రలు ఉన్నాయి. దయచేసి ఒప్పుకోకండి. పెరూలోని ఆ ఊరే 3,400 మీటర్ల ఎత్తున ఉంది. మేము మూడు రోజులు అక్కడే ఉండిపోయాం. మొదటి రోజు బసలో మెట్లెక్కితేనే ఆయాసం వచ్చింది. మూడో నాటికి సాన్ బ్లాస్ ఏటవాలు వీధులు హాయిగా ఎక్కగలిగాం. బస చిన్నదే, కానీ ఆయాసానికి అక్కడివాళ్ళు తాగే, కోకా ఆకులు వేసిన వేడినీళ్ళు ఎప్పుడడిగినా ఇచ్చారు.

సాల్కాంటాయ్ శిఖరం ఎత్తు 6,271 మీటర్లు. అక్కడివాళ్ళ క్వెచువా భాషలో ‘సల్కా’ అంటే మచ్చిక కానిది, అడవి స్వభావం గలది. సోరాయ్‌పంపాలో వ్యాను దిగి లోయ చివర నిలిచిన ఆ మంచుగోడను చూశాక ఆ పేరుకు అర్థం అడగవలసిన పని లేకపోయింది.

అక్కడ, 3,900 మీటర్ల దగ్గర, అద్దాల గుమ్మటంలో పడుకుని నక్షత్రాలు చూడవచ్చన్నారని ఎక్కువ డబ్బు కట్టాం. అర్ధరాత్రికి మా ఊపిరి ఆవిరే అద్దాలకు పట్టేసింది. బయటకు వచ్చి నిలబడితే ఆకాశమంతా ఉచితమే! ఆ డబ్బుతో మంచి నిద్రసంచీ అద్దెకు తెచ్చుకోవలసింది. మాకిచ్చిన వాటిలో ఒకదాని జిప్పు తెగి ఉంది. కుస్కోలోనే విప్పి చూసుకోండి. భోజనానికి లోటు లేదు: శాకాహారులమని ముందే చెప్పాం, కీన్వా సూపు, బంగాళాదుంపలు వేడివేడిగా పెట్టారు.

సోరాయ్‌పంపాకు పైనున్న హుమాంటాయ్ సరస్సుకు మధ్యాహ్నం దాటాక వెళ్ళండి. పొద్దున వచ్చిన గుంపులు అప్పటికి దిగిపోతాయి, నీటి పచ్చదనం మీకే మిగులుతుంది.

మర్నాడు 4,600 మీటర్లు దాటిన కనుమ. మా సామాను మోసే కంచరగాడిదలను తోలుకొచ్చిన పెద్దాయన అక్కడ టోపీ తీశారు. మూడు కోకా ఆకులు వేళ్ళ మధ్య పట్టుకుని, శిఖరం వైపు ఊది, ఒక రాయి కింద పెట్టారు. వాళ్ళకు ఆ కొండ ‘ఆపు’, కాపాడే దైవం. మాకు కూడా తలా మూడు ఆకులు ఇచ్చారు. తిరుమల మెట్లెక్కేటప్పుడు మా అమ్మమ్మ ప్రతి మెట్టుకూ పసుపు రాయడం గుర్తొచ్చి నాకు గొంతు పూడుకుపోయింది.

అక్కడినుంచి అంతా దిగుడే. మంచు దగ్గర మొదలుపెట్టి సాయంత్రానికి చౌల్యాయ్ చేరేసరికి చుట్టూ తడి అడవి. మోకాళ్ళ కోసం రెండు చేతికర్రలు తప్పక ఉంచుకోండి. తర్వాతి మజిలీలో, సాంటా తెరెసా దగ్గరి కొకాల్మాయో వేడినీటి గుండాలు కాళ్ళనొప్పులు తీర్చాయి.

పెద్దాయన మాత్రం చౌల్యాయ్ నుంచే వెనుదిరిగారు. ఆయనకు ఇవ్వదలచుకున్నది ముందే కవరులో పెట్టి ఉంచుకోండి, ఆయన చేతికే ఇవ్వండి. మాచు పిచ్చు చేరాక ఇద్దామనుకుంటే అప్పటికి ఆయన మళ్ళీ కనుమ ఎక్కుతుంటారు.