ట్రావెల్ బేస్‌బాల్‌తో మా వేసవి: ఎమర్సన్, పిజన్ ఫోర్జ్, కూపర్స్‌టౌన్

అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్, ఆల్ఫరెట్టా వైపు ఉన్న మన తెలుగు ఇళ్ళలో బేస్‌బాల్ ఆడే పిల్లలు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. ముందు ఊరి పార్కులో సరదాగా ఆడే రెక్ లీగ్. రెండేళ్ళు తిరిగేసరికి ఎవరో ఒక కోచ్ వచ్చి "మీ వాణ్ణి ట్రావెల్ టీమ్ ట్రయౌట్‌కి తీసుకురండి" అంటాడు. అంటే ఎంపిక చేసిన పిల్లలతో ఊరూరా తిరిగి టోర్నమెంట్లు ఆడే టీమ్. చేరేది పిల్లాడొక్కడే అయినా వారాంతాలు మాత్రం ఇంటిల్లిపాదివీ వెళ్ళిపోతాయి. మా వాడి టీమ్ వెంట తిరిగిన చోట్లలో ఎక్కడ సుఖంగా ఉంది, ఎక్కడ డబ్బు దండగయింది, ఎక్కడికి మళ్ళీ వెళ్తాం అన్నది, ఇప్పుడు చేరాలనుకుంటున్న అమ్మానాన్నల కోసం రాస్తున్నాను.

మాకు దగ్గరలో ఉన్నది ఎమర్సన్‌లోని లేక్‌పాయింట్ అనే క్రీడా కాంప్లెక్స్. ఐ-75 హైవే పక్కనే ఉంటుంది, ఇంటి నుంచి గంట లోపే. మైదానాలన్నీ టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి. వాన పడి వెలిశాక మట్టి మైదానాల్లో ఆటలు రద్దయిపోతాయి, ఇక్కడ మాత్రం కాసేపటికే మళ్ళీ మొదలుపెడతారు. కాకపోతే జులై ఎండలో ఆ టర్ఫ్ కాలిపోతుంటుంది. పిల్లలు డగౌట్‌లోకి రాగానే మెడ మీద వేయడానికి ఐసు నీళ్ళలో ముంచిన తువ్వాళ్ళు తప్పకుండా ఉండాలి. జార్జియాలో మధ్యాహ్నం పూట ఉరుములు మామూలే. మెరుపు కనబడితే అందరూ కార్లలోకి వెళ్ళి అరగంట ఆగాలి. ఆ అరగంటలో మళ్ళీ మెరిస్తే లెక్క మొదటికొస్తుంది. మధ్యాహ్నం రెండింటి ఆట సాయంత్రం ఆరింటికి మొదలైన రోజులున్నాయి. పెద్ద కాంప్లెక్సుల్లో చూడ్డానికి వచ్చినవాళ్ళకి కూడా రోజుకింత అని గేటు టికెట్ ఉంటుంది. తాతయ్య, అమ్మమ్మ కూడా వస్తే అది చిన్న మొత్తమేం కాదు. చాలా చోట్ల బయటి కూలర్లు రానివ్వరు. శాకాహారులకి లోపల దొరికేది నాచోస్, ప్రెట్జెల్. అందుకే పెరుగన్నం, పులిహోర డబ్బాలు కారులో పెట్టుకుని ఆటకీ ఆటకీ మధ్య పార్కింగ్‌లోనే తింటాం. ఇన్ని ఉన్నా, పదకొండేళ్ళ లోపు పిల్లలకి ఇలాంటి దగ్గరి చోటే చాలని గట్టిగా చెబుతాను. ఆట అవగానే సొంత మంచం మీద పడుకునే వాడు మర్నాడు బ్యాటు బాగా తిప్పుతాడు.

పిజన్ ఫోర్జ్ సంగతి వేరు. టెనెస్సీలో స్మోకీ కొండల కింద ఉంది, మాకు నాలుగు గంటల దాకా ప్రయాణం. అక్కడి రిప్కెన్ ఎక్స్‌పీరియన్స్ అనే బేస్‌బాల్ కాంప్లెక్స్ మైదానాలు కొండవాలు మీద కట్టారు. ఏ బెంచీ మీద కూర్చున్నా వెనక పచ్చని కొండలు కనబడతాయి. మైదానాల నిర్వహణ నాకు అన్నిటికంటే ఇక్కడే నచ్చింది. ఆటలు లేని పూట డాలీవుడ్ థీమ్ పార్కు ఉంది, నేషనల్ పార్కు ఉంది. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు విసుక్కోకుండా వచ్చే ట్రిప్పు ఇదొక్కటే. వేసవి సాయంత్రాల్లో ఊరి ప్రధాన రోడ్డు పార్క్‌వే మీద ట్రాఫిక్ అసలు కదలదు కాబట్టి బస మైదానానికి దగ్గర్లో చూసుకోవాలి. రెండు మూడు కుటుంబాలు కలిసి వంటగది ఉన్న క్యాబిన్ తీసుకుంటే హోటల్ కంటే చవక, పైగా రాత్రి వేడి వేడి అన్నం, చారు.

హోటళ్ళ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. చాలా టోర్నమెంట్లకి "స్టే టు ప్లే" అని ఒక నిబంధన ఉంటుంది. వాళ్ళ జాబితాలోని హోటళ్ళలో, వాళ్ళ ద్వారానే గది తీసుకోవాలి. లేకపోతే టీమ్‌ని ఆడనివ్వరు. ఒకసారి మాకలా అంటగట్టిన హోటల్ మైదానానికి అరగంట దూరం. శుక్రవారం రాత్రి పదైనా గది సిద్ధం కాలేదు. టిఫిన్ ఏడింటికన్నారు, మా పిల్లలేమో ఎనిమిదింటి ఆటకి ఏడింటికల్లా మైదానంలో ఉండాలి. అదే రోడ్డులో తక్కువ రేటుకి మంచి హోటళ్ళు కనబడుతుంటే కడుపు మండింది. టీమ్‌కి డబ్బు కట్టే ముందే ఆ సీజన్‌లో ఎన్ని టోర్నమెంట్లకి ఈ నిబంధన ఉందో టీమ్ మేనేజర్ని అడిగి తెలుసుకోండి.

ఇంకొకటి, లాండ్రీ. జార్జియా ఎర్రమట్టిలో తెల్ల ప్యాంటు వేసుకుని స్లైడ్ చేస్తారు! శనివారం రాత్రి తొమ్మిదింటికి హోటల్ వాషింగ్ మెషీన్ దగ్గర మూడు టీముల తల్లులు నిలబడి ఉంటారు, చేతిలో క్వార్టర్ నాణేలు, బ్రష్, సబ్బు కడ్డీ. మోకాలి దగ్గర ఆ ఎరుపు ముందు పొడిగా దులపాలి. తర్వాత చన్నీళ్ళలో నానబెట్టి రుద్దాలి. మరక పూర్తిగా వదలకముందే డ్రయ్యర్లో వేశారంటే ఇక మరక పోదు. రెండో జత ప్యాంటు కొనుక్కోవడం మేలు.

శనివారం పూల్ ఆటలు (గుంపుల్లో ఆడే తొలి ఆటలు), ఆదివారం బ్రాకెట్ (నాకౌట్). ఓడితే మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు, గెలుస్తూ పోతే అర్ధరాత్రి అవుతుంది, పొద్దున్నే బడి. చెల్లెలి మనబడి తెలుగు క్లాసు, కూచిపూడి క్లాసు ఈ రెండు రోజుల్లోనే ఉంటాయి. భార్యాభర్తలు వంతులు వేసుకోక తప్పదు. గుంటూరులో మా నాన్నగారు మాత్రం గేమ్‌చేంజర్ యాప్‌లో చూస్తారు. ఇక్కడ పొద్దున ఎనిమిదింటి ఆట వేసవిలో అక్కడ సాయంత్రం ఐదున్నర. కాఫీ తాగుతూ మనవడి ఆట చూసి, "ఆ మూడో బంతి వదిలేయాల్సింది రా" అని ఫోన్ చేస్తారు.

ఇక కూపర్స్‌టౌన్. న్యూయార్క్ రాష్ట్రంలో ఒట్సెగో సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. పన్నెండేళ్ళ పిల్లల టీములకి అదొక పెద్ద కల. ఊరి బయట కూపర్స్‌టౌన్ డ్రీమ్స్ పార్క్ 1996 నుంచి నడుస్తోంది. పిల్లలు, కోచ్‌లు వారమంతా లోపలి బంక్‌హౌసుల్లోనే ఉంటారు, భోజనం అక్కడే. పిల్లాడి ఖర్చే వెయ్యి డాలర్లు దాటుతుంది. మన విమానం, కారు, అద్దె ఇల్లు దానికి అదనం. మొత్తం తడిసి మోపెడవుతుంది. మేం ఆల్బనీ దాకా విమానంలో వెళ్ళి, బియ్యం, పప్పులు అక్కడే కొని, గంటన్నర కారులో వెళ్ళాం. ఓనియాంటా వైపు ఇళ్ళు వారం లెక్కన అద్దెకిస్తారు, కాస్త ముందే చూసుకోవాలి.

అంత ఖర్చుకి తగ్గట్టుందా అంటే, ఉంది. అక్కడ ప్రతి టీమూ సొంత పిన్నులు, అంటే టీమ్ బ్యాడ్జీలు, చేయించుకుని వస్తుంది. పిల్లలు మెడలో తువ్వాలు వేసుకుని, దాని నిండా పిన్నులు గుచ్చుకుని, ఏ రాష్ట్రం వాళ్ళు కనబడితే వాళ్ళతో బేరాలాడుతుంటారు. నలుగురిలో నోరు విప్పని మా వాడు అక్కడ పేరు కూడా తెలియని పిల్లలతో గంటలకొద్దీ మాట్లాడాడు. "అమ్మా, మెరిసేదిస్తే రెండు మామూలువి ఇస్తారట" అని పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు. ఊళ్ళోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం 1939లో తెరిచారు. ఒక పూటంతా దానికే కేటాయించండి. 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో బేబ్ రూత్ పేరిట ఉన్న 714 హోమ్ రన్ల రికార్డుని దాటిన హాంక్ ఆరన్ ఫలకం ముందు మా ఊరి పిల్లలంతా నిలబడి ఫొటో దిగారు.

ట్రయౌట్లు చాలావరకు ఆగస్టులో జరుగుతాయి. టీములో ఎంతమంది, పిల్లాడు ఏ పొజిషన్‌లో, ఎన్ని ఇన్నింగ్స్ ఆడతాడు అని అప్పుడే అడగండి. బ్యాటు మీద ఏ ప్రమాణం ముద్ర ఉండాలో కనుక్కున్నాకే కొనండి, మంచివి మూడొందల డాలర్ల పైమాటే. అన్నిటికంటే ముఖ్యం, పిల్లాడు ఎన్ని బంతులు విసిరాడన్న లెక్క ఎవరు రాస్తారో తెలుసుకోండి. పిల్లలు విసిరే బంతులకి హద్దు పెట్టే పిచ్ స్మార్ట్ నియమాల ప్రకారం 11, 12 ఏళ్ళ పిల్లలు రోజుకి 85 బంతులు దాటకూడదు, 65 దాటితే నాలుగు రోజుల విశ్రాంతి. కొన్ని టోర్నమెంట్లు బంతులు కాకుండా ఇన్నింగ్స్ లెక్కపెడతాయి. శనివారం ఒక టీముకి, ఆదివారం ఇంకో టీముకి వేసే పిల్లల్ని కూడా చూశాను. మేం ఒక చిన్న నోట్‌బుక్కులో బంతి బంతికీ గీత గీస్తాం. ఆ లెక్క చూపిస్తే మొహం చిట్లించే కోచ్ దగ్గర పిల్లాణ్ణి చేర్చకండి, ఆ టీము ఎన్ని కప్పులు గెలిచినా సరే.