అప్‌స్కేలింగ్‌తో మూడేళ్లు: ఫ్రేములు వచ్చాయి, కంచె చెదిరింది

ఎన్విడియా ఆర్టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు కొని మూడేళ్లు దాటింది. ఈ మధ్యలో ఒక్క పెద్ద గేమ్ కూడా అప్‌స్కేలింగ్ (బొమ్మను చిన్నగా గీసి స్క్రీన్ సైజుకు పెంచి, సెకనుకు ఎక్కువ ఫ్రేములు రాబట్టే పద్ధతి) లేకుండా పూర్తిచేయలేదు. కాబట్టి ఇది చార్టులు చూసి రాస్తున్నది కాదు, రోజూ రాత్రి కళ్లు చికిలించుకుని చూసిందే.

మొదట్లో నాది 24 అంగుళాల 1080పి మానిటర్. సైబర్‌పంక్ 2077లో ఎన్విడియా వాళ్ల అప్‌స్కేలర్ డీఎల్ఎస్ఎస్‌ను క్వాలిటీ మోడ్‌లో పెట్టాను. పేరుకు క్వాలిటీయే గానీ అక్కడ గేమ్ లోపల గీసేది 1280x720 బొమ్మ. అంటే స్క్రీన్ మీద ఉండాల్సిన పిక్సెల్స్‌లో సగం కూడా లేవు. మిగతావి డీఎల్ఎస్ఎస్ పాత ఫ్రేముల్లోంచి ఏరుకొచ్చి పూరిస్తుంది. నిలబడి చూసినంతసేపూ బాగుండేది. కెమెరా తిప్పగానే దూరంలోని ఇనుప జాలి కంచె బూడిదరంగు మసకలా అలుక్కుపోయేది. ఆగిన అరక్షణానికి మళ్లీ గళ్లు తేలేవి. ఒకసారి అది కంటబడ్డాక ఇక కథ మీద ధ్యాస ఎక్కడ? అవతల తుపాకులు పేలుతుంటే నేను కంచెలు చూస్తూ కూర్చునేవాణ్ణి.

అందరూ చేసేదే నేనూ చేశాను, షార్ప్‌నెస్ స్లైడర్ పెంచాను. మొదటి రోజు అద్భుతం అనిపించింది. రెండు వారాలకు అసలు సంగతి బయటపడింది. ఆకాశం ముందున్న నల్లటి తీగ పక్కనే సన్నటి తెల్ల గీత. మనుషుల ముఖాలు ఇసుక చల్లినట్టు గరుకు. షార్పెనింగ్ అనేది లేని వివరాన్ని తీసుకురాదు, ఉన్న అంచుల దగ్గర వెలుగునీడల తేడాను పెంచుతుంది. నీళ్ల చారులో ఉప్పు ఎంత వేసినా చిక్కబడుతుందా?

అసలు మార్పు 27 అంగుళాల 1440పి మానిటర్ తెచ్చాక వచ్చింది. ఇక్కడ అదే క్వాలిటీ మోడ్‌లో లోపల గీసేది సుమారు 1706x960. పాత మానిటర్‌లో అప్‌స్కేలింగ్ లేకుండా గీసే 1080పి కన్నా ఇది తక్కువే. అయినా దీని బొమ్మే తేటగా ఉంది! నాకు మొదట మింగుడుపడలేదు. డీఎల్ఎస్ఎస్ ఒక్కో ఫ్రేమ్‌లో కొద్దికొద్దిగా పక్కకు జరిపి తీసుకున్న పిక్సెల్స్‌ను కూడబెట్టి, పేర్చడానికి ఎక్కువ గళ్లున్న స్క్రీన్ మీద పేరుస్తుంది. టెక్స్చర్లు కూడా బయటి రిజల్యూషన్‌కు తగినవి తీసుకుంటే గోడల మీది రాతలు చదవగలిగేలా ఉంటాయి. కొన్ని గేమ్‌లు ఆ పని సరిగా చేయవు, అప్పుడు నేలంతా పేలవంగా ఉంటుంది. మన సెట్టింగ్స్ తప్పేమో అని ఊరికే టెన్షన్ పడతాం.

2025 జనవరిలో వచ్చిన డీఎల్ఎస్ఎస్ కొత్త ఏఐ మోడల్, ట్రాన్స్‌ఫార్మర్, పాత ఆర్టీఎక్స్ కార్డుల మీదా పనిచేస్తుంది. నా కంచె కదలికలో కూడా దాదాపు నిలబడింది. బదులుగా నా కార్డులో సెకనుకు నాలుగైదు ఫ్రేములు పోయాయి. పోతే పోనీ. అంతకుముందు 60 ఫ్రేములు దాటడం కోసం క్వాలిటీకి ఒక మెట్టు కిందిదైన బ్యాలెన్స్‌డ్‌ మోడ్‌లో ఆడేవాణ్ణి, ఇప్పుడు 55 వచ్చినా క్వాలిటీలోనే ఉంటున్నా.

పండక్కి వెళ్లినప్పుడు పీసీని తమ్ముడి 4కే టీవీకి తగిలించాను. బ్యాలెన్స్‌డ్ కన్నా కిందిదైన పర్ఫార్మెన్స్ మోడ్, లోపల 1080పి. సోఫాలోంచి చూస్తే లోపమేమీ కనిపించలేదు. నా కంచె గోల చెబితే వాడు "ఏ కంచె అన్నయ్యా?" అన్నాడు. టీవీ దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూపిస్తే తప్ప తెలియలేదు.

ఇప్పుడు నా షార్ప్‌నెస్ స్లైడర్ సున్నా, ఫిల్మ్ గ్రెయిన్, మోషన్ బ్లర్ ఆఫ్. మీది ఇంకా 1080పి మానిటరే అయితే ముందు నీడలు, ప్రతిబింబాల సెట్టింగ్స్ ఒక మెట్టు దించి చూడండి. అప్పటికీ ఫ్రేములు చాలకపోతేనే క్వాలిటీ మోడ్ ఆన్ చేయండి. దాని కిందికి మాత్రం వెళ్లకండి.